పాలమూరులో 120 మందికి దావత్: హోటల్ కాదు, వంటమనిషిని వెతకండి

మీరు అడిగింది ఇది. జనవరిలో, సంక్రాంతి దాటాక వచ్చే ఆదివారం మహబూబ్‌నగర్‌లో పాత పదో తరగతి మిత్రుల సమ్మేళనం. 120 మంది వస్తారు, అందులో సగానికి పైగా హైదరాబాద్ నుంచి, కొందరు బెంగళూరు నుంచి. 30 మంది శాకాహారులు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం కొంచెం చిరుతిండి కావాలి. బిర్యానీ వద్దు, పాలమూరు రుచి ఉండాలి. ఫోనులో ఎంత వెతికినా ధాబాలు, బిర్యానీ హోటళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు, ఊరి తిండి ఎక్కడ దొరుకుతుంది?

ఫోనులో మాత్రం దొరకదు. అక్కడ మెచ్చుకోళ్లు రాసేవాళ్లలో ఎక్కువమంది 44వ జాతీయ రహదారి మీద కర్నూలుకో బెంగళూరుకో పోతూ జడ్చర్ల దగ్గర ఆగి తిన్నవాళ్లు. మహబూబ్‌నగర్ ఆ రహదారి మీద లేదు, జడ్చర్ల నుంచి లోపలికి తిరిగి రావాలి. అంత దూరం వచ్చి, ఇక్కడ నాలుగు పూటలు తిని రాసేవాళ్లు ఎంతమంది ఉంటారు? అదీకాక, ఊళ్లో ఉన్నవాళ్లు బయట తినడానికి వెళ్లేది ఇంట్లో దొరకనిది తినడానికి. జొన్నరొట్టె, పుంటికూర, పచ్చి పులుసు రోజూ ఇంట్లో ఉండేవే. వాటికి ఏసీ గదిలో కూర్చుని డబ్బు ఇవ్వాలంటే ఎవరికీ మనసొప్పదు, అందుకే హోటళ్లు వాటిని పెట్టవు. ఊరి రుచి ఇళ్లలో, దావతుల్లో, సంతల్లో, జాతరల్లో ఉంది. కాబట్టి హోటల్ వెతకడం ఈరోజే ఆపేయండి. మీకు కావలసింది ఒక మంచి దావత్ వంటాయన, రొట్టెలు చేసే నలుగురు ఆడవాళ్లు.

వంటాయన కోసం బంధువులను అడగకండి. ప్రతి ఇంటికీ ఒక వంటాయన ఉంటాడు, ఆయన వాళ్లకు మేనమామ వరస అవుతాడు, వద్దనడానికి మీకు మొహమాటం అడ్డం వస్తుంది. అడగవలసిన చోట్లు మూడు. మొదటిది టెంట్ హౌస్. గుండిగలు, బగోనెలు, పొయ్యిలు అద్దెకు ఇచ్చేది వాళ్లే. ఏ వంటాయన తీసుకెళ్లిన గిన్నెలు అడుగు మాడి తిరిగి వస్తాయో, ఏవి శుభ్రంగా వస్తాయో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రెండోది దావతులకు సామాన్లు కట్టి ఇచ్చే హోల్‌సేల్ కిరాణా కొట్టు. క్లాక్ టవర్ చుట్టుపక్కల పాత బజారులో అలాంటివి కనిపిస్తాయి. వంటాయన రాసిచ్చిన చిట్టీ చూసి అతని పనితనం చెప్పగల గుమాస్తాలు ఉంటారు. సరుకు ఎక్కువ రాయించుకుని సగం తిప్పి పంపేవాడెవరో, మధ్యలో రెండుసార్లు మనిషిని పరుగు పెట్టించేవాడెవరో వాళ్లే చెబుతారు. మూడోది మాంసం కొట్టు. పొద్దున్నే వచ్చి ముక్క ఏ సైజులో కొట్టాలో చెప్పి, దగ్గర నిలబడి కొట్టించుకునే వంటాయన పేరు అడగండి. ఈ మూడు చోట్లా వినిపించిన పేరు ఒక్కటైనా ఉంటే మీ పని సగం అయినట్టే.

ఆ మనిషిని కలిసినప్పుడు మీరు ప్రశ్నలు వేయకండి, ఆయన ఏమి అడుగుతాడో వినండి. తెలిసినవాడు ముందు పొయ్యి ఎక్కడ పెట్టాలి, నీళ్లు ఎక్కడి నుంచి, బంతి ఎన్ని గంటలకు, వచ్చేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు ఎంతమంది అని అడుగుతాడు. ‘మీరు ఏది చెబితే అది చేస్తాను సార్, చైనీస్ కూడా చేస్తాం’ అనేవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. నమూనాగా చిట్టీ ఒకటి రాయించండి. అందులో ఎర్ర రంగు డబ్బా, టేస్టింగ్ సాల్ట్ ఉన్నాయా చూడండి. రంగు అడిగే వంటాయనకు కారం మీద నమ్మకం లేదన్నమాట. పాలమూరు మాంసం కూరకు ఎండుమిరప కారం, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు, అల్లం వెల్లుల్లి చాలు.

రుచి చూడడానికి 2 కిలోలు వండించి తినడం చాలామంది చేసే పని. దానివల్ల తెలిసేది తక్కువ. 2 కిలోలు బాగా వండేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు, 15 కిలోలు ఒకే గుండిగలో అడుగంటకుండా వండడం వేరే విద్య. ఆయన ఇంకెవరి ఇంట్లోనైనా వండుతున్న రోజు అడిగి, ఆ ఇంటివాళ్ల అనుమతితో వెళ్లండి. వడ్డనకు ముందు చివరి గంట పొయ్యి దగ్గర ఉండండి. ఉప్పు ఆయనే చూస్తున్నాడా, కుర్రాళ్లకు వదిలేశాడా? మాంసం కోసిన పీట మీదే ఉల్లిగడ్డలు కోస్తున్నారా? అన్నం దమ్ము మీద ఉన్నప్పుడు మూత తీసి తీసి చూస్తున్నారా? ఇవి చూశాక ముద్ద తినకపోయినా నిర్ణయానికి రావచ్చు.

ఇప్పుడు వంటకాలు. ‘పాలమూరు రుచి’ అనేది ఒకటి కాదు, ఇది గమనించాలి. పాత ఉమ్మడి జిల్లా 2016, 2019లలో జరిగిన విభజనల తర్వాత ఐదు జిల్లాలైంది. తిండి మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే దిక్కును బట్టి వేరు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ, మరాఠీ వాసన ఉంటుంది. కరకరలాడే ఎండు జొన్నరొట్టె, పల్లి పొడి, ఎల్లిపాయ కారం అక్కడి బలం. గద్వాల, అలంపురం వైపు కర్నూలు, రాయచూరు గాలి తగులుతుంది, పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఉంటాయి. కొల్లాపూర్, అచ్చంపేట వైపు కృష్ణ చేపలు, నల్లమల తేనె, వేసవిలో మామిడి. ఇక మహబూబ్‌నగర్ పట్టణంలో హైదరాబాద్ దావత్ సంప్రదాయం, అంటే బగారా అన్నం, దాల్చా, మాంసం. మీ తరగతి మిత్రులు ఈ నాలుగు వైపుల నుంచీ వచ్చి చదువుకున్నవాళ్లే అయి ఉంటారు. ఒక్కో పూటకు ఒక్కో దిక్కు ఇస్తే ప్రతివాళ్లకూ తమ ఇంటి ముద్ద ఒకటి తగులుతుంది. పొద్దున గద్వాల, మధ్యాహ్నం పట్టణం, సాయంత్రం పొలం అని పెట్టుకోండి.

పొద్దున ఉగ్గాని పెట్టండి. మరమరాలు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపు తాలింపులో వేసి పుట్నాల పొడి చల్లడమే. ఖర్చు తక్కువ, పని తక్కువ, హైదరాబాద్ వాళ్లకు కొత్త. ఒక్క జాగ్రత్త ఉంది. ఒకేసారి 120 మందికి కలిపి పెడితే అరగంటలో మెత్తబడి ముద్దవుతుంది. తాలింపు మొత్తం ముందే చేసుకుని, మనుషులు వచ్చేకొద్దీ 20, 25 మందికి సరిపడా కలుపుకోవాలి. బజ్జీ కూడా అంతే, నూనెలోంచి నేరుగా విస్తరిలోకి రావాలి. ఇడ్లీ, వడ, పూరీ అన్నీ చేర్చాలని కమిటీలో ఎవరో ఒకరు పట్టుపడతారు. చిన్నపిల్లలకు, కారం తినలేని పెద్దలకు ఇడ్లీ ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేయండి.

మధ్యాహ్నానికి బగారా అన్నం, మాంసం, దాల్చా, పచ్చి పులుసు, తెల్లన్నం, పెరుగు, వీటితో పాటు జొన్నరొట్టె. చింతచిగురు మాంసం పెట్టాలని మీరు రాశారు. జనవరిలో చింతచెట్టుకు చిగురు ఉండదు, కాయ ఉంటుంది. ఎండబెట్టిన చిగురుతో చేయవచ్చు గానీ లేతచిగురు తిన్న నాలుకకు అది ఆనదు. దాని బదులు పుంటికూర మాంసం చేయించండి, పులుపు కావలసినవాళ్లకు పులుపు దొరుకుతుంది, ఆకూ తాజాగా ఉంటుంది. బాలానగర్ సీతాఫలాల ఆశ కూడా వదులుకోండి. ఆ రకానికి పేరు మన బాలానగర్ నుంచే వచ్చినా, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకానే దాని కాలం.

అన్నం దగ్గర జనవరిలో ఒక చిక్కు ఉంది. అప్పుడు మార్కెట్లో ఉండేది వానాకాలం పంట కొత్త బియ్యం. కొత్త బియ్యంతో బగారా ముద్దవుతుంది, ఎంత గొప్ప వంటాయన అయినా చేయగలిగింది తక్కువ. డిసెంబర్‌లోనే సోనా మసూరి పాత బియ్యం, కనీసం ఆరు నెలలు నిల్వ ఉన్నది కొని ఉంచుకోండి. రొట్టెలు కూడా ఉన్నాయి కాబట్టి బగారాకు 9 కిలోలు, తెల్లన్నానికి 5 కిలోలు సరిపోతాయి. లెక్క ఎక్కువైతే మంచిదే కదా అని 20 కిలోలు వండించేవాళ్లు ఉంటారు. సాయంత్రం నాలుగింటికి ఆ అన్నం ఏం చేయాలో తెలియక చేతులు నలుపుకునేదీ వాళ్లే.

మాంసం 90 మందికి 16 కిలోలు. తలకు 180 గ్రాముల దాకా పడుతుంది, రెండోసారి వేయించుకునేవాళ్లకూ చాలుతుంది. దీనితో పాటు నాటుకోడి కూడా పెట్టాలా అని అడిగారు. వద్దు. రెండు మాంసాలు పెడితే రెండూ సగం శ్రద్ధతో వండుతారు. పాలమూరు గొర్రెల పెంపకానికి పేరున్న నేల, గొంగడి నేసిన ఊళ్లు ఇవి. ఇక్కడికి వచ్చి కోడి తిని వెళ్లడమెందుకు? మందను చూసి కొనే తీరిక, తెలిసిన మనిషి ఉంటే పెబ్బేరు సంత మంచిది. బతికున్న జీవం బరువులో సగానికి కాస్త తక్కువే మాంసం వస్తుందని లెక్క వేసుకోండి. అంత తీరిక లేకపోతే కొట్టుకు ముందు రోజే చెప్పి, ఆ పొద్దున కోసినదే తీసుకోండి. మీ బృందంలో ముస్లిం మిత్రులు ఉన్నారు కాబట్టి హలాల్ అని స్పష్టంగా చెప్పండి. దావత్‌కు ముల్లాను పిలిచి యాటను కోయించే అలవాటు తెలంగాణ పల్లెల్లో పాతదే, అందరూ ఒక్క బంతిలో కూర్చుని తినడానికి పెద్దలు కనిపెట్టిన సులువైన మార్గం అది. బోటి కావాలని ఎవరైనా అడిగితే, దాన్ని శుభ్రం చేయడానికి వేరే మనిషి ఉన్నాడా అని వంటాయనను అడగండి. లేడంటే ఆ మాట అక్కడితో ఆపేయండి.

దాల్చా విషయంలో చాలా దావతుల్లో శాకాహారులకు అన్యాయం జరుగుతుంది. పప్పే కదా అని వాళ్లు వేసుకుంటారు, కానీ అసలు దాల్చాలో ఎముకలు వేసి ఉడికిస్తారు, రుచంతా అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి సొరకాయ, పప్పు, చింతపండుతో వేరే గిన్నెలో వాళ్ల దాల్చా వాళ్లకు వండించండి. వేరే గరిటె, వడ్డనకు వేరే బల్ల, దాని మీద పెద్ద అక్షరాలతో చీటీ ఉండాలి. శాకాహార వంటలు 30 మందికి కాకుండా 60 మందికి లెక్క కట్టండి. పల్లీలు, నువ్వులు నూరి చేసిన గుత్తి వంకాయ, పుంటికూర పప్పు చూసి మాంసం తినేవాళ్లు కూడా చేయి చాస్తారు, చివరికి వెనక వచ్చిన శాకాహారికి పెరుగన్నమే మిగులుతుంది. పచ్చి పులుసును వడ్డనకు అరగంట ముందు కలపాలి. చింతపండు రసం, కాల్చిన పచ్చిమిరప, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి, వీటిని కలిపాక ఉడికించేది లేదు, ముందే కలిపి ఉంచితే ఉల్లిగడ్డ వాసన పట్టేస్తుంది. దీన్ని పెద్ద వంటాయనలు చిన్నచూపు చూస్తారు, నీళ్లలో చింతపండు పిసికి పోసేస్తారు. రొట్టెలు చేసే ఆడవాళ్లకు అప్పగించండి, ఇంటి పులుసు వస్తుంది.

జొన్నరొట్టె గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, సమ్మేళనాల్లో అందరూ ఆశపడేదీ, అన్నిటికంటే ఎక్కువగా చెడిపోయేదీ ఇదే. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే సాగుడు గుణం లేదు. ఎసరు మరిగించి ఆ వేడినీళ్లతో కలిపితేనే ముద్ద పట్టు నిలుస్తుంది, చేతితో తట్టేటప్పుడు అంచు పగలదు. పిండి పాతబడితే ఆ కాస్త జిగురు కూడా పోతుంది. కాబట్టి ప్యాకెట్ పిండి కొనవద్దు. జొన్నలు కొని, శుక్రవారమో శనివారమో గిర్నీలో పట్టించండి. తెల్లజొన్న రొట్టె చూడడానికి బాగుంటుంది, పచ్చజొన్న దొరికితే రుచి ఇంకా బాగుంటుంది. దొరికితే సగం సగం చేయించండి.

లెక్క ఇలా వేసుకోండి. కిలో పిండికి చేతితో తట్టిన రొట్టెలు 12 నుంచి 15 దాకా వస్తాయి. మనిషికి ఒకటిన్నర చొప్పున 180 రొట్టెలు, అంటే 14 కిలోల పిండి. ఒక పెనం మీద చేయి తిరిగిన మనిషి గంటకు 25, 30 చేస్తుంది. నలుగురు, నాలుగు పొయ్యిలు ఉంటే గంటన్నర పైన పడుతుంది. బంతి ఒంటిగంటకైతే వాళ్లు పన్నెండుకు మొదలుపెట్టాలి. మొదట చేసినవి గుడ్డలో చుట్టి బుట్టలో ఉంచితే గంటసేపు మెత్తగా ఉంటాయి, ఆ తర్వాత ఎండుతాయి. మొత్తం పొద్దున్నే చేసి తెస్తామనే కేటరర్లు ఉన్నారు, వాళ్లు తెచ్చేవి అప్పడాల్లాగా విరుగుతాయి. పొయ్యిలు వడ్డన జరిగే చోటే, అందరికీ కనిపించేలా పెట్టించండి. వచ్చినవాళ్లు సగంమంది అక్కడే నిలబడి, పెనం మీది నుంచి తీసింది తీసినట్టు తొక్కుతో తినేస్తారు. ఫొటోలు తీసేవాళ్లను మాత్రం కాస్త దూరంగా ఉంచండి, పొగలో, వేడిలో పనిచేసే మనుషుల మొహాల ముందు ఫోన్లు పెట్టడం బాగుండదు.

ఆ ఆడవాళ్లు ఎక్కడ దొరుకుతారంటే, సాయంత్రం పూట వీధుల్లో చూడండి. చీకటి పడ్డాక బండి మీదో, అరుగు మీదో పెనం పెట్టి రొట్టెలు చేసి అమ్మేవాళ్లు పట్టణంలో ఎందరో. రెండు మూడు చోట్ల కొని తినండి, రొట్టె పొంగుతోందా, మధ్యలో పచ్చిగా ఉంటోందా చూసుకోండి. నచ్చినవాళ్లను అక్కడే అడగండి. ఆ ఆదివారం పూట వాళ్లకు పోయే అమ్మకం కంటే బాగా ఎక్కువ ఇవ్వాలి, రానూపోనూ ఆటో ఖర్చు విడిగా ఇవ్వాలి. ఇంకో దారి స్వయం సహాయక సంఘాలు. 2024 నుంచి ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లో ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు నడుస్తున్నాయి. వాటిని నడిపే సంఘాల్లో పెద్ద సంఖ్యకు వండి అలవాటైన ఆడవాళ్లు దొరుకుతారు, పిండివంటలకైతే వీళ్లే మేలు.

సాయంత్రానికి వంటాయనను కదిలించనవసరం లేదు. జనవరి పొలాలు ఇచ్చేవి ఉడకబెట్టి పెట్టండి. ఉప్పు వేసి ఉడికించిన కందికాయలు, అనపకాయలు, పల్లికాయలు, పక్కన చెరుకు ముక్కలు, రేగుపండ్లు. భోగికి నువ్వులు అద్ది చేసే సజ్జరొట్టెలు ఇళ్లలో ఇంకా ఉంటాయి, సంఘం ఆడవాళ్లతో మరికొన్ని చేయించి తునకలుగా పెట్టండి. పల్లిపట్టీ తప్పకుండా ఉండాలి, వేరుశనగ పండించే నేల మీద కేకులు కోయడమేమిటి! బెంగళూరు వాళ్లకు ఇవి అరుదు, ఊరి వాళ్లకు చిన్నతనం. సర్వపిండి బాగుంటుంది గానీ ఒక్కో గిన్నె మీద ఒక్కోటి కాలాలి, 120 మందికి అది కుదిరే పని కాదు. అడిగినవాళ్లకు ఆ మాటే చెప్పండి.

చోటు సంగతి. పిల్లలమర్రి కింద భోజనాలు పెట్టుకుంటే బాగుంటుందని రాశారు. ఆలోచన అందంగానే ఉంది గానీ కుదరదు. దాదాపు 700 ఏళ్ల చెట్టుగా చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించారు. దాని దగ్గర పొయ్యిల పొగ, 120 మంది తొక్కిడి ఆలోచించకూడనివి. పొద్దున టిఫిన్ అయ్యాక అందరూ వెళ్లి చూసి, ఫొటో దిగి వచ్చేయండి, పట్టణం నుంచి నాలుగు కిలోమీటర్లే. భోజనం ఫంక్షన్ హాల్లో పెట్టుకోండి. అయితే హాలు మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్నగా బయటి వంటవాళ్లను రానిస్తారా అని అడగండి. సొంత కేటరింగ్ ఉన్న హాళ్లు అద్దె తక్కువ చెప్పి, బయటి వంట అనగానే మెలిక పెడతాయి. రానిస్తే వంటకు నీడ ఉందా, కడిగిన నీళ్లు పోయే దారి ఉందా చూడండి.

నీళ్లు విడిగా కొనండి. ఈ ప్రాంతంలో చాలా బోర్ల నీళ్లు గట్టివి, ఆ నీటిలో పప్పు గంటలు గంటలు ఉడికినా పలుకుగానే ఉంటుంది. తాగడానికీ, దాల్చాకూ, అన్నానికీ కలిపి 20 లీటర్ల క్యాన్లు 15 తెప్పించండి. కడగడానికి ట్యాంకు నీళ్లు చాలు. వాణిజ్య గ్యాస్ సిలిండర్‌లో 19 కిలోలు ఉంటుంది. రొట్టెల పొయ్యిలకూ వంటకూ కలిపి మూడు ఉంచుకోండి, ఆదివారం మధ్యాహ్నం అయిపోతే ఇచ్చేవాడు దొరకడు. విస్తర్లు మోదుగాకువి తెప్పించండి, పులుసు ఉంది కాబట్టి ఆకు కింద కాగితం పళ్లెం ఒకటి పెట్టుకోవచ్చు.

వేడి వంటలు 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు భయం లేదు, సన్నని మంట మీద ఉంచితే చాలు. వండినవి మామూలు వేడిలో రెండు గంటలు దాటి ఉండకూడదు. వంటాయనలు తెల్లవారుజామునే అంతా ముగించి నిద్రపోవాలని చూస్తారు. మాంసం పదకొండున్నరకు, అన్నం పన్నెండున్నరకు దిగాలని మాట తీసుకోండి. ఒకవేళ వంటాయన కాకుండా కేటరింగ్ సంస్థతో మాట్లాడితే, వాళ్ల బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే నంబరు ఉండాలి, అది 14 అంకెలది. 2022 నుంచి బిల్లు మీద వేయడం తప్పనిసరి. నంబరు లేని బిల్లు ఇస్తే ఆ బేరం వద్దు.

కల్లు మాట కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు, మీ ప్రశ్నలో రాయలేదు గానీ కమిటీలో వచ్చే ఉంటుంది. దుకాణాల కల్లులో మత్తుమందులు కలిపి అమ్మడం ఈ జిల్లాలో ఆసుపత్రుల దాకా వెళ్లిన వ్యవహారం. చెట్టు దగ్గర, గీసిన మనిషి చేతి నుంచి తాగేది వేరు, డ్రమ్ముల్లో ఫంక్షన్ హాలుకు దిగేది వేరు. సమ్మేళనం పేరు మీద తెప్పించకండి.

డబ్బు సంగతికి వస్తే, వంటాయనలు కొందరు తలకు ఇంత అంటారు, కొందరు బియ్యం, మాంసం కిలోల లెక్కన కూలి చెబుతారు. కిలోల లెక్కే మంచిది, సామాన్లు మీరే కొంటారు కాబట్టి ఏది ఎంత పడిందో కనిపిస్తుంది. అడ్వాన్స్ మూడో వంతు ఇవ్వండి, మిగతాది వడ్డన అయిన వెంటనే, గిన్నెలు టెంట్ హౌస్‌కు చేరకముందే ఇచ్చేయండి. సాయంత్రం ఇస్తాం, రేపు ఇస్తాం అనడం మన దావతుల్లో పాత జబ్బు. రొట్టెల ఆడవాళ్లకు వంటాయన ద్వారా కాకుండా నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి. అందరి భోజనాలయ్యాక వాళ్లూ, వడ్డించిన కుర్రాళ్లూ కలిపి 20 మంది దాకా ఉంటారు, వాళ్లకు మాంసంతో సహా ముందే గిన్నెలో తీసి పక్కన పెట్టించండి.

సోమవారం ఆగిపోయేవాళ్లు కొందరు ఉన్నారని రాశారు. వాళ్లను గద్వాల దారి పట్టించండి. జూరాల ప్రాజెక్టు దగ్గర వరసగా ఉండే కొట్లలో చేపలు మన ముందే కోసి వేయిస్తారు. 120 మందిని తీసుకెళ్లే చోటు కాదది, పది పదిహేను మందికైతే హాయిగా ఉంటుంది. ఏ చేప ఆ పొద్దున వచ్చిందో ముందు అడిగి, చూసి, తూకం వేయించుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడండి. వేపుడు అక్కడే తినేయాలి, కట్టించుకుని తెస్తే జడ్చర్ల దాటేలోపే మెత్తబడిపోతుంది.